శిశు చర్మవైద్యము – ప్రత్యేక శిక్షణ యొక్క ఆవశ్యకత

పిల్లలకు వచ్చు వ్యాధులలో తల్లి కంటికి మొట్టమొదట కనబడునది చర్మవ్యాధి. గుండెలోని లోపము గాని, మూత్రపిండములలోని లోపము గాని పైకి కనబడదు. చర్మము మీది పొక్కు, మచ్చ, దద్దురు బిడ్డకు నీళ్లు పోయునపుడే బయటపడును. అయినను కనబడుట వేరు, తెలియుట వేరు. ఒకే రీతిగా తోచు రెండు ఎర్రని మచ్చలలో ఒకటి తనంతట తాను మాసిపోవునదై యుండవచ్చును. రెండవది కొలది వారములలో బిడ్డ చూపునకే ముప్పు తెచ్చునదై యుండవచ్చును. ఈ రెంటికిని గల భేదమును సకాలమున గుర్తించుటకు ప్రత్యేకమైన అభ్యాసము కావలెను. అట్టి అభ్యాసమును నేర్పు వైద్యశాఖకు శిశు చర్మవైద్యమని పేరు.

చర్మవ్యాధులకు ఒక నిపుణుడు, పిల్లల వ్యాధులకు మరియొక నిపుణుడు ఉండగా, మూడవ నిపుణుడు ఎందులకని కొందరు సందేహింపవచ్చును. ఈ సందేహమునకు సమాధానము చెప్పుటయే ఈ చిన్న పుస్తకము యొక్క ఉద్దేశము. ఈ శిక్షణ ఎట్టిది, అందు వైద్యులు ఏమి నేర్తురు, దానివలన సామాన్య కుటుంబమునకు కలుగు మేలు ఏమి అను విషయములు ఇందు క్రమముగా వివరింపబడినవి.

పసిబిడ్డ చర్మము యొక్క ప్రత్యేకత

నెలలు నిండి పుట్టిన బిడ్డ చర్మము తన పనిని చేయుటకు చాలవరకు సిద్ధముగానే యుండును. నెలలు నిండక ముందు, ముఖ్యముగా 34 వారములలోపున పుట్టిన బిడ్డ చర్మపు పైపొర మిక్కిలి పలుచగా నుండును. దాని గుండ దేహములోని నీరు త్వరగా ఆవిరియై పోవును. శరీరము చల్లబడును. సూక్ష్మక్రిములు సులభముగా లోపల ప్రవేశించును.

రెండవ విషయము కొలతకు సంబంధించినది. శరీరపు బరువుతో పోల్చి చూచినచో, పసిబిడ్డ చర్మ వైశాల్యము పెద్దవారి కంటె సుమారు రెండు, మూడు రెట్లు అధికము. కావున ఒకే మందును ఒళ్లంతయు పూసినపుడు, బరువును బట్టి లెక్కించినచో, పెద్దవారి కంటె బిడ్డ దేహములో అది హెచ్చుగా చేరును. తొడలు, పిరుదులు గుడ్డలతోను డయపర్లతోను కప్పబడి తడిగా నుండుటచే అచ్చట మందు మరింత వేగముగా లోనికి ఇంకును.

ఇది మాటవరుసకు చెప్పునది కాదు. 1972లో ఫ్రాన్సు దేశమున పసిపిల్లలకు అద్దు ఒక పౌడరులో, తయారీలో జరిగిన పొరపాటు వలన, హెక్సాక్లోరోఫీన్ అను క్రిమిసంహారక పదార్థము అధికముగా కలిసినది. ఆ పౌడరు చర్మము మీద మాత్రమే చల్లబడినది. ఎవరును దానిని త్రాగింపలేదు. అయినను ఆ విషము చర్మము గుండ లోనికి పోయి మెదడును దెబ్బతీయగా 36 మంది పిల్లలు మరణించిరి. పైపూత గదా, అపాయమేమి అను తలంపు పసిపిల్లల యెడ ఎంత ప్రమాదకరమో ఈ దుర్ఘటన లోకమునకు తెలియజేసినది.

కర్పూరము కలిసిన తైలములు, బోరిక్ ఆమ్లము, సాలిసిలిక్ ఆమ్లము మొదలగు వాడుక వస్తువులు కూడ పసివారికి ఇట్లే హాని చేయగలవు. నొప్పి తెలియకుండుటకై చర్మము మీద రాయు కొన్ని మత్తుమందులు సైతము మోతాదు మించినచో చిన్నబిడ్డల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. కావున పిల్లల చర్మమునకు మందు వ్రాయు వైద్యునకు చర్మము గురించియు, శిశువు దేహధర్మము గురించియు సమానమైన జ్ఞానము అవసరము.

ఈ శాఖ ఎట్లు ఏర్పడినది?

పిల్లలకు ప్రత్యేకముగా ఆసుపత్రులు స్థాపించు ఆచారము పందొమ్మిదవ శతాబ్దమున వ్యాపించినది. పారిసు నగరమున 1802లోను, లండను నగరమున 1852లోను అట్టి ఆసుపత్రులు వెలసినవి. చర్మవైద్యము కూడ ఆ శతాబ్దములోనే ప్రత్యేక శాస్త్రముగా రూపొందినది. ఈ రెండు ప్రవాహములు కలిసి ఒక శాఖగా గుర్తింపు పొందుటకు మాత్రము ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధము వరకు కాలము పట్టినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో శిశు చర్మవైద్యుల సంఘము 1975లో ఏర్పడినది. చాలకాలము పిల్లల వైద్యునిగా పనిచేసి, పిదప చర్మవైద్యము నభ్యసించిన డాక్టరు సిడ్నీ హర్విట్జ్ 1981లో ప్రకటించిన గ్రంథము ఈ శాఖకు ముఖ్యమైన పాఠ్యగ్రంథములలో ఒకటియైనది. ఆ దేశమున చర్మవైద్యములో శిక్షణ ముగించినవారు మరియొక సంవత్సరము పిల్లల చర్మవ్యాధులందు పని నేర్చి, ప్రత్యేక పరీక్షకు కూర్చుండు పద్ధతి కలదు. ఆ పరీక్ష మొదటిసారిగా 2004లో జరిగినది.

భారతదేశమున వైద్యవిద్యార్థి మొదట నాలుగున్నర సంవత్సరములు ఎం.బి.బి.ఎస్. చదివి, ఒక సంవత్సరము ఆసుపత్రిలో ఇంటర్న్‌గా పనిచేయవలెను. అటుపిమ్మట మూడు సంవత్సరములు చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠువ్యాధి అను మూడింటిని కలిపి బోధించు ఎం.డి. పట్టమునకు చదువవలెను. ఈ మూడు విషయములను ఒక్క పట్టములో చేర్చుట మన దేశపు పరిస్థితులకు తగిన యేర్పాటు. ఇంతవరకు వచ్చినవారు చర్మవైద్య నిపుణులు. వీరిలో పిల్లల వ్యాధులందు ఆసక్తి గలవారు ఆపై ఫెలోషిప్ అను శిక్షణలో చేరుదురు. కర్ణాటకములోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము వంటి సంస్థలు ఇట్టి శిక్షణకు ఏర్పాట్లు గావించినవి. కాలపరిమితియు, నియమములును సంస్థను బట్టి మారుచుండును.

ఫెలోషిప్ అనగా నేమి?

పట్టము పొందిన వైద్యుడు గాని, వైద్యురాలు గాని ఒక చిన్న శాఖయందు లోతైన అనుభవమును సంపాదించుటకై, అనుభవజ్ఞులైన పెద్దల పర్యవేక్షణలో గడపు అభ్యాస కాలమునకే ఫెలోషిప్ అని పేరు. ఇందు పుస్తకపఠనము కంటె రోగులను చూచుటకే ప్రాధాన్యము.

ఈ శిక్షణలో నున్న వైద్యుల పని పలువిధములుగా నుండును. ప్రతిదినము బయటి రోగుల విభాగమున పిల్లలను పరీక్షింపవలెను. అప్పుడే పుట్టిన శిశువుల వార్డుకు, శస్త్రచికిత్స విభాగమునకు, కంటివైద్యుల యొద్దకు, మూర్ఛరోగముల క్లినిక్కుకు పిలుపు వచ్చినపుడు పోయి తమ అభిప్రాయమును చెప్పవలెను. తామరను నిర్ధారించుటకు చర్మపు పొట్టును గీకి సూక్ష్మదర్శినిలో చూచుట, చర్మము నుండి మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్కను తీసి పరీక్షకు పంపుట, ఆ ముక్కను రోగనిర్ధారణ నిపుణులతో కలిసి పరిశీలించుట నేర్వవలెను. పుట్టుకతో వచ్చు వ్యాధులలో వంశక్రమమును గీసి, తరువాతి కానుపులో అదే వ్యాధి వచ్చు అవకాశము ఎంతయో తల్లిదండ్రులకు తెలియజెప్పుటయు ఇందు భాగమే. చూచిన రోగుల వివరములు, చేసిన పనులు ఒక పుస్తకమున నమోదు కావలెను. ఒక చిన్న పరిశోధనయైనను పూర్తి చేయవలెను.

ఇవన్నియు పైకి కనబడు విద్యలు. పిల్లలను పరీక్షించు నేర్పు వీటన్నిటికంటె ముందు అలవడవలసినది. పెద్దవాడు తన బాధను చెప్పుకొనును, పసిబిడ్డ ఏడ్చును. ఏడ్చుచు కాళ్లు చేతులు విదల్చుచున్న బిడ్డను మంచము మీద అదిమిపెట్టి చూచుట కంటె, తల్లి ఒడిలోనే ఉంచి, చేతికి బొమ్మ నిచ్చి, మాటలలో పెట్టి చూచుట మేలు. వ్రేలి సందులు, అరికాళ్లు, నోరు, తలవెంట్రుకల కుదుళ్లు, గోళ్లు, గుడ్డ క్రింద దాగిన భాగము అన్నియు చూచిన గాని పరీక్ష పూర్తి కాదు. తల్లి చెప్పు మాటలను ఓపికతో వినుట ఇంకొక ముఖ్యమైన పాఠము. మచ్చ పుట్టినప్పుడే యున్నదా, పదునైదు దినముల తరువాత వచ్చినదా అను ఒక్క ప్రశ్నకు తల్లి ఇచ్చు జవాబుతో రోగనిర్ణయమే మారిపోవచ్చును.

విడిచిపెట్టవలసినవి, విడిచిపెట్టరానివి

నవజాత శిశువు చర్మముపై అనేక మార్పులు కనుపించును. వాటిలో పెక్కింటికి ఏ చికిత్సయు అవసరము లేదు. పుట్టిన రెండు మూడు దినములకు వచ్చు ఎర్రని దద్దుర్లు, ముక్కు మీది తెల్లని చిన్న చుక్కలు వాటంతట అవియే పోవును. మన దేశపు శిశువులలో పలువురకు నడుము క్రింద, పిరుదుల మీద నీలివర్ణపు మచ్చ లుండును. అవి దెబ్బలు కావు, రోగమును కావు. కొన్ని సంవత్సరములలో చాలవరకు మాసిపోవును. ఇట్టి వాటిని చూచి భయపడి పసరులు పూయుట, వాతలు పెట్టుట బిడ్డకు కొత్త గాయములను కలిగించుటయే యగును.

చూపునకు స్వల్పముగా తోచి, లోపలి వ్యాధికి గుర్తుగా నుండు మచ్చలును కలవు. పాలు కలిసిన కాఫీ రంగు మచ్చలు, అర సెంటీమీటరు కంటె పెద్దవి, ఆరు గాని అంతకు మించి గాని చిన్నబిడ్డ దేహమున ఉన్నచో, నరములపై కణుతులు పెరుగు ఒక జన్యువ్యాధి గలదేమో పరీక్షింపవలెను. ఆకు ఆకారమున తెల్లని మచ్చలు పలుచోట్ల ఉండి, బిడ్డకు మూర్ఛలు కూడ వచ్చుచున్నచో, మెదడునకు సంబంధించిన మరియొక వ్యాధి తెలియవచ్చును. ఎర్రని చర్మమున తేలికగా కనబడు ఎరుపు, చామనచాయ చర్మమునను నల్లని చర్మమునను ఊదారంగుగానో, మరింత నలుపుగానో తోచును. విదేశీయ గ్రంథములలోని చిత్రములు చాలవరకు తెల్లని చర్మమునకు సంబంధించినవి. కావున మన పిల్లల చర్మము మీద వ్యాధి ఎట్లు కనబడునో మన ఆసుపత్రులలోనే నేర్వవలసియున్నది.

ఇంకొక వ్యాధి శిక్షణ విలువను చక్కగా తెలుపును. కొందరు శిశువులకు నోటి చుట్టును, ఆసనము చుట్టును, చేతులకాళ్ల కొనలందును ఎర్రని పుండ్లు పడి, వెంట్రుకలు రాలి, విరేచనములు పట్టుకొనును. ఎన్ని పూతమందులు వాడినను తగ్గదు. దీనికి కారణము దేహములో జింకు అను లవణధాతువు లోపించుటయే యని 1970 దశకమున కనుగొనబడినది. జింకును నోటి ద్వారా ఇచ్చినచో కొలది దినములలోనే బిడ్డ తేరుకొనును. గుర్తింపని యెడల ఈ వ్యాధి ప్రాణాంతకము. గుర్తించినచో దీని చికిత్స మిక్కిలి చౌకయైనది.

వారముల లెక్కలో పనిచేయవలసిన వ్యాధి

పసిపిల్లలలో నూటికి నలుగురైదుగురికి రక్తనాళములతో ఏర్పడిన ఎర్రని గడ్డ వచ్చును. దీనికి హెమాంజియోమా అని పేరు. పుట్టినప్పుడు ఇది ఉండకపోవచ్చును. ఉన్నను చిన్న ఎర్రగీతగానో, పాలిన మచ్చగానో ఉండును. మొదటి వారములలో వేగముగా పెరిగి, అయిదవ నెల నాటికి పెరుగుదల చాలవరకు ముగియును. తరువాత కొన్ని సంవత్సరములలో మెల్లగా తగ్గిపోవును. ఎక్కువమంది పిల్లలకు దీనివలన హాని లేదు. పెద్దలు “అదే పోవును” అని చెప్పుటకు కారణ మిదియే.

అయితే కొన్ని చోట్ల వచ్చిన గడ్డల విషయమున ఈ మాట చెల్లదు. కనురెప్ప మీద వచ్చినది కంటిని మూసివేసి, చూపు నేర్చుకొనవలసిన కాలములో ఆ కన్నును నిరుపయోగము చేయును. గడ్డము, దవడ భాగమున విస్తరించినది కంఠనాళములోను ఉండి ఊపిరి కడ్డు తగులవచ్చును. పెదవి మీద, డయపరు భాగమున వచ్చినవి పుండ్లు పడి తీవ్రమైన బాధ నిచ్చును. చర్మము మీద అయిదు గాని, అంతకు మించి గాని ఉన్నచో కాలేయమున కూడ ఉన్నవేమో చూడవలెను. ఇట్టి పిల్లలను ఒక నెల వయస్సు నాటికే నిపుణునికి చూపుట ఉత్తమము. ఆరు నెలలు వేచి చూచిన పిదప తీసికొనిపోయినచో జరుగవలసిన హాని అప్పటికే జరిగియుండును.

దీని చికిత్స కనుగొనబడిన విధము తెలిసికొనదగినది. ఫ్రాన్సులోని బోర్డో నగరమున డాక్టరు క్రిస్టీన్ లియోటె-లాబ్రెజ్ చికిత్స చేయుచున్న ఒక బిడ్డకు ముక్కు మీద ఇట్టి గడ్డ యుండెను. స్టెరాయిడ్ మందు వాడుచుండగా గుండెజబ్బు రాగా, దానికై ప్రోప్రనొలాల్ అను పాత హృద్రోగౌషధము నిచ్చిరి. మరునాటికే గడ్డ ఎరుపు తగ్గి మెత్తబడినది. ఈ సంగతిని ఆమెయు, ఆమె సహచరులును 2008లో ప్రకటించిరి. నేడు ఆ మందే ప్రమాదకరమైన హెమాంజియోమాలకు మొదటి చికిత్స. అయితే బిడ్డ పాలు త్రాగని సమయమున ఇచ్చినచో రక్తములో చక్కెర పడిపోవును. అందుచేత గుండెను పరీక్షించి, బరువును బట్టి మోతాదు లెక్కకట్టి, పాలతో పాటు ఇయ్యవలెననియు, బిడ్డ ఆహారము మానిన దినమున ఆపవలెననియు శిక్షణలో నేర్పుదురు.

మందుల విషయమున విచక్షణ

పిల్లల చర్మవ్యాధులలో నేడు మన దేశమున మిక్కిలి కలవరము కలిగించు విషయము స్టెరాయిడ్ పూతమందుల దుర్వినియోగము. ఈ మందులలో బలహీనమైనవి మొదలు మిక్కిలి తీవ్రమైనవి వరకు పలు తరగతులు కలవు. తగిన బలము గలదానిని, తగిన చోట, తగినన్ని దినములు వాడినచో ఇవి మంచి ఔషధములు. తీవ్రమైనదానిని పసిబిడ్డకు నెలల తరబడి పూసినచో చర్మము పలుచనై, చారలు పడి, రక్తనాళములు తేలును. దేహమున నెక్కువగా చేరినచో బిడ్డ ముఖము ఉబ్బును, ఎదుగుదల తగ్గును, దేహములో సహజముగా తయారగు స్టెరాయిడ్ ఉత్పత్తియే మందగించును.

స్టెరాయిడు, తామర మందు, క్రిమిసంహారకము మూడును కలిపిన పూతలు మందుల దుకాణములలో అడిగినంత మాత్రమున దొరకుట మరియొక కీడు. తామరకు ఇట్టి పూత రాసినచో మొదట దురద తగ్గినట్లు తోచి, లోలోపల శిలీంధ్రము వ్యాపించును. ఇంటిలో ఒకరినుండి మరియొకరికి, పెద్దలనుండి పసివారికి అంటుకొనును. భారత ప్రభుత్వము 2018లో 14 స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీపై మాత్రమే అమ్మవలసిన జాబితాలో చేర్చినది. ఈ నియమము ఫలించుటకు ప్రజల సహకారము అవసరము.

స్టెరాయిడ్ అను పేరు వినినంతనే భయపడి, వైద్యులు వ్రాసిన మందును సగములో మానుటయు తప్పే. పుట్టుతత్వము వలన వచ్చు గజ్జిపొక్కు, అనగా ఎగ్జిమా, గల బిడ్డ రాత్రులు నిద్రలేక గోకుకొనుచు బాధపడును. ఆ బిడ్డకు కొలది దినములు తగిన స్టెరాయిడు పూత, దినమునకు రెండు మూడు సారులు తేమ నిలుపు లేపనము, గోరువెచ్చని నీటితో శీఘ్రముగా ముగించు స్నానము ఎంతో ఉపశమనము నిచ్చును. ఎంత వాడవలెను, ఎప్పుడు మానవలెను అను విషయములను తూచి చెప్పుటయే శిక్షణ పొందిన వైద్యుల పని.

కుటుంబమే సహాయకులు

పిల్లల చర్మవ్యాధులలో చికిత్స చేయునది తల్లి చేయి. వైద్యుడు ఒక పావుగంట చూచును; తల్లి దినమంతయు చూచును. కావున ఇంటివారికి బోధించుట కూడ ఈ శిక్షణలో ముఖ్యభాగము.

గజ్జి ఇందుకు మంచి దృష్టాంతము. ఇది కంటికి కనబడనంత చిన్నదగు పురుగు వలన వచ్చును. రాత్రివేళ దురద అధికమగును. పెద్దవారికి సాధారణముగా రాని అరచేతులు, అరికాళ్లు, తల భాగములందు కూడ పసిపిల్లలకు పొక్కులు వచ్చును. బిడ్డ ఒక్కనికే మందు రాసి, ఇంటిలోని తక్కినవారు రాసికొననిచో వారము పది దినములలో మరల వచ్చును. అందరును ఒకే దినమున మందు రాసికొని, చెప్పిన వ్యవధిలో మరల రాసికొని, పక్కగుడ్డలను వేడినీట ఉతికి ఎండవేయవలెను. మందు పనిచేసిన తరువాత కూడ దురద రెండు మూడు వారములు ఉండవచ్చునని ముందుగా చెప్పనిచో ఇంటివారు మందును అతిగా రాయుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణదేశ వ్యాధుల జాబితాలో చేర్చినది.

చిన్న రాపిడికే చర్మము లేచి బొబ్బలు పడు జన్యువ్యాధితో పుట్టిన శిశువుల సంగతి మరింత కఠినమైనది. ఆ బిడ్డను చంకలలో చేతులు వేసి ఎత్తరాదు. మెత్తని దిండు మీద ఉంచి దిండుతో సహా ఎత్తవలెను. అంటుకొను ప్లాస్టరు వేయరాదు. పెద్ద బొబ్బలను శుభ్రమైన సూదితో గ్రుచ్చి నీరు తీసి, పైపొరను అట్లే ఉంచవలెను. ఇవి తల్లికి చేసి చూపి, ఆమె చేత చేయించి నేర్పవలెను.

పుట్టుమచ్చలును, పుట్టువ్యాధులును గ్రహణము వలన గాని, తల్లి తిన్న తిండి వలన గాని, ఆమె చేసిన పాపము వలన గాని రావు. ఇంటిలో నిందపడిన తల్లి బిడ్డను దాచిపెట్టును; చికిత్స ఆలస్యమగును. ఈ మాటను అత్తమామలు, భర్త ఎదుట స్పష్టముగా చెప్పుట కూడ వైద్యుల ధర్మమని ఈ శిక్షణలో అలవరచవలెను.

మన దేశపు అవసరములు

మన దేశమున కుష్ఠువ్యాధి ప్రజారోగ్య సమస్యగా 2005 నాటికి జాతీయ స్థాయిలో తొలగినట్లు ప్రకటింపబడినది. అయినను కొత్త రోగులు కనబడుచునే యున్నారు. పిల్లలలో ఈ వ్యాధి కనబడుట ఆ ప్రాంతమున అది ఇంకను వ్యాపించుచున్నదనుటకు గుర్తు. రంగు తగ్గిన, స్పర్శ లేని మచ్చ దీని ముఖ్యలక్షణము. చిన్నబిడ్డ స్పర్శ ఉన్నదో లేదో సరిగా చెప్పలేడు. దూదిపోచతో ఆటవలె పరీక్షించుట, నరములను తడిమి చూచుట, ఇంటిలోని అందరిని పరీక్షించుట ఇచ్చట నేర్వవలసిన విద్యలు. మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా లభించును. సకాలమున వాడినచో అంగవైకల్యము రాదు.

ఇంత పెద్ద దేశమున ప్రతి గ్రామమునకు ఒక శిశు చర్మవైద్యుని పంపుట సాధ్యము కాదు. ఈ శిక్షణ పొందినవారు బోధనాసుపత్రులలో కూర్చుండి, తమ యొద్దకు వచ్చినవారిని మాత్రమే చూచినచో ప్రయోజనము కొలదిగానే యుండును. వారు నేర్చినది పిల్లల వైద్యులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకు, నర్సులకు, ఆశా కార్యకర్తలకు చేరవలెను. ఏ మచ్చను విడిచిపెట్టవచ్చునో, ఏ మచ్చను వెంటనే పంపవలెనో వారికి తెలిసినచో సగము పని నెరవేరినట్లే. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పిల్లలను పరీక్షించు బృందములు ఇందుకు చక్కని సాధనము. 2019లో ప్రారంభమైన ఈ-సంజీవని దూరవైద్య సేవ ద్వారా దూరపు వైద్యుని సలహా పొందు వీలును కలదు. చర్మవ్యాధి కంటికి కనబడునది యగుటచే, స్పష్టమైన ఛాయాచిత్రము నిపుణునికి ఎంతో తోడ్పడును.

తల్లిదండ్రులు గుర్తుంచుకొనవలసినవి

1. జ్వరముతో పాటు, వ్రేలితో నొక్కినను పోని ఎర్రని లేక ఊదారంగు మచ్చలు వచ్చినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఒక్క గడియయైనను ఆలసింపరాదు.

2. పుట్టిన శిశువునకు బొబ్బలు వచ్చినను, ఒళ్లంతయు ఎర్రనై పొర లేచుచున్నను ఆనాడే వైద్యునికి చూపవలెను. అరచేతులలో, అరికాళ్లలో బొబ్బలు వచ్చినచో తల్లికిని బిడ్డకును రక్తపరీక్ష అవసరము కావచ్చును.

3. ఏదైన మందు వాడిన పిదప నోరు, కండ్లు పుండ్లుపడి చర్మముపై బొబ్బలు వచ్చినచో ఆ మందు ఆపి, మందు చీటీతో సహా ఆసుపత్రికి పోవలెను.

4. మొదటి నెలలలో పెరుగుచున్న ఎర్రని గడ్డ కంటి వద్ద, ముక్కు, పెదవి, గడ్డము మీద, నడుము క్రింద ఉన్నచో వేచియుండక చూపవలెను.

5. తలలో తామర వచ్చి వెంట్రుకలు రాలినచో పూతమందు మాత్రమే చాలదు. నోటి ద్వారా కొన్ని వారములు మందు వాడవలెను.

6. దుకాణదారుడు, పొరుగువారు చెప్పిన పూతను పసిబిడ్డకు రాయరాదు. ఒక బిడ్డకు వ్రాసిన మందును మరియొక బిడ్డకు వాడరాదు.

7. వాతలు పెట్టుట, జిల్లేడుపాలు, సున్నము వంటివి పూయుట విడువవలెను.

8. మచ్చ మొదట కనబడిన తేదీని వ్రాసి ఉంచి, వారమున కొకసారి వెలుతురులో ఛాయాచిత్రము తీసికొన్నచో వైద్యునికి మిక్కిలి ఉపకరించును.

ఒక వైద్యుడు చదువు మొదలిడి శిశు చర్మవైద్య నిపుణుడగుటకు సుమారు పది సంవత్సరములు పట్టును. ఇన్ని సంవత్సరముల అభ్యాసము ఒక బిడ్డ కన్ను మూసుకొనిపోకుండ కాపాడుటకును, ఒక బిడ్డ వ్రేళ్లు వంకరపోకుండ నిలుపుటకును, ఒక తల్లి అకారణముగా నిందపడకుండ చూచుటకును ఉపయోగపడవలెను. అందులకు వైద్యుని జ్ఞానము ఎంత అవసరమో, బిడ్డను సకాలమున అతని యొద్దకు చేర్చు తల్లిదండ్రుల మెలకువయు అంతే అవసరము.